లేబర్ పార్టీ తనకు తానే గీసుకున్న గిరి

బ్రిటన్‌లో 2024 జులై 4న జరిగిన ఎన్నికల్లో లేబర్ పార్టీకి 650 సీట్లలో 411 వచ్చాయి. అంత బలం ఉన్న ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి, అంటే 2025 జులై 1న, వికలాంగుల భృతిలో కోత పెట్టే తన సొంత బిల్లులోంచి అసలు భాగాన్ని సభలో చర్చ నడుస్తుండగానే తీసేయాల్సి వచ్చింది. తీసేశాక కూడా 49 మంది సొంత ఎంపీలు వ్యతిరేకంగానే ఓటేశారు. ప్రధాని కియర్ స్టార్మర్‌కు పార్టీ మీద పట్టు లేదని కొందరన్నారు, ఎంపీలకు క్రమశిక్షణ లేదని ఇంకొందరన్నారు. రెండిట్లోనూ కొంత నిజం ఉండొచ్చు గానీ, ఆ రోజు జరిగినదానికి బీజం అంతకు ఏడాది ముందే పడింది. 2024 జూన్ 13న మాంచెస్టర్‌లో విడుదల చేసిన మేనిఫెస్టోలో ఇన్‌కం ట్యాక్స్ రేట్లు పెంచం, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతాల మీద కట్టే సామాజిక భద్రత చందా) పెంచం, వ్యాట్ పెంచం అని రాసుకున్నారు. ప్రభుత్వానికి వచ్చే పన్ను రాబడిలో సగానికి పైగా ఈ మూడింటి నుంచే వస్తుంది. వీటిని ముట్టుకోమని ముందే మాటిచ్చేశాక ఆసుపత్రులు, పింఛన్లు, పిల్లల భృతి, వలసలు, రైళ్లు, చివరికి విదేశీ సాయం దాకా ఆ పార్టీ తీసుకున్న ప్రతి నిర్ణయం మీదా ఆ మాట నీడ పడింది. 2025 చివరిదాకా జరిగినవాటిని వరసగా చూస్తే ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది.

ముందు కాస్త చరిత్ర. 1900లో ట్రేడ్ యూనియన్లు, కొన్ని సోషలిస్టు సంఘాలు కలిసి కార్మికుల తరఫున పార్లమెంటుకు మనుషుల్ని పంపడానికి పెట్టుకున్న కమిటీయే 1906లో లేబర్ పార్టీ అయింది. 1918లో రాసుకున్న పార్టీ రాజ్యాంగంలోని నాలుగో క్లాజు ఉత్పత్తి సాధనాలన్నీ ఉమ్మడి ఆస్తి కావాలని చెప్పింది. 1945లో క్లెమెంట్ అట్లీ నాయకత్వంలో 393 సీట్లతో గెలిచాక అందులో చాలా భాగం చేసి చూపించారు కూడా. 1946లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, 1947లో బొగ్గు గనులు, 1948లో రైల్వేలు ప్రభుత్వపరం అయ్యాయి, 1948 జులై 5న అందరికీ ఉచిత వైద్యం అందించే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. మన స్వాతంత్ర్యానికి దారి వేసిన 1947 చట్టం తెచ్చింది కూడా ఆ ప్రభుత్వమే. అయితే అంత గొప్పగా చెప్పుకునే ఆ ప్రభుత్వంలో కూడా డబ్బు దగ్గరే చీలిక వచ్చింది. కొరియా యుద్ధం వల్ల పెరిగిన సైనిక ఖర్చుకు సర్దుబాటుగా కట్టుడు పళ్లకు, కళ్లద్దాలకు ఛార్జీ పెట్టాలని 1951లో నిర్ణయిస్తే, ఎన్‌హెచ్‌ఎస్‌ను స్థాపించిన అన్యూరిన్ బెవన్ మంత్రి పదవికి రాజీనామా చేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాత లేబర్‌లో జరిగిన పెద్ద గొడవల్లో చాలావాటికి మూలం ఇదే. ఏం చేయాలో అందరికీ తెలుసు, డబ్బు ఎవరి దగ్గర తీసుకోవాలన్న దగ్గరే మాట కలవదు.

1995లో టోనీ బ్లేర్ ఆ నాలుగో క్లాజును మార్పించాడు. 1997 ఎన్నికలకు ముందు ఇన్‌కం ట్యాక్స్ రేట్లు పెంచబోమని, రెండేళ్లపాటు కన్జర్వేటివ్‌ల ఖర్చు లెక్కల్నే పాటిస్తామని మాటిచ్చి 418 సీట్లతో గెలిచాడు. 2024 మేనిఫెస్టో రాసినవాళ్లు ఈ పాఠాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. కానీ దాని రెండో సగాన్ని వదిలేశారు. 2002 బడ్జెట్లో బ్లేర్ ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ నేషనల్ ఇన్సూరెన్స్‌ను ఉద్యోగుల మీదా, యజమానుల మీదా ఒక్కో శాతం పెంచి, ఈ డబ్బు ఎన్‌హెచ్‌ఎస్‌కు అని నేరుగా చెప్పాడు. జనం పెద్దగా గొడవ చేయలేదు, 2005లో మళ్లీ లేబరే గెలిచింది. పన్ను పెంచడం ఎప్పుడూ ఆత్మహత్యే అన్న నమ్మకానికి ఆ పార్టీ చరిత్రలోనే జవాబు ఉంది.

మరి 2024లో అంత భయం ఎందుకు? దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. 2019లో జెరెమీ కార్బిన్ నాయకత్వంలో భారీ ఖర్చులు, భారీ జాతీయీకరణలతో వెళ్లి 202 సీట్లకు పడిపోయారు. ఇక రెండోది కన్జర్వేటివ్‌లు చేసుకున్నది. 2022 సెప్టెంబర్‌లో లిజ్ ట్రస్ ప్రభుత్వం డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పకుండా భారీగా పన్నులు తగ్గిస్తామనేసరికి ప్రభుత్వ బాండ్ల మార్కెట్ కుదేలైంది, ఇళ్ల లోన్ల వడ్డీలు ఎగిశాయి, ఆమె 49 రోజుల్లో ఇంటికి వెళ్లింది. దాంతో రేచల్ రీవ్స్‌కు, అప్పటికి షాడో ఆర్థిక మంత్రి, అంటే ఆర్థిక విషయాల్లో ప్రతిపక్షం తరఫున మాట్లాడే నాయకురాలు, కఠినమైన ఆర్థిక నియమాలే పార్టీకి రక్షణ అనిపించింది. 2021లో ఆమే ప్రకటించిన ఏడాదికి 2,800 కోట్ల పౌండ్ల హరిత పెట్టుబడి హామీని 2024 ఫిబ్రవరిలో పక్కన పెట్టారు. అంటే కొత్తగా పన్ను వేయరు, ఎక్కువ అప్పు చేయరు, ఆర్థిక వృద్ధి వస్తే ఆ డబ్బుతో సేవలు బాగుచేస్తారు. వృద్ధి రాకపోతే ఏం చేస్తారో మేనిఫెస్టోలో లేదు.

ఈ జాగ్రత్తను పిరికితనం అని కొట్టేయడం కూడా సరికాదు. బ్రిటన్ ప్రభుత్వం ఏడాదికి కట్టే వడ్డీయే 10,000 కోట్ల పౌండ్లు దాటింది. అంత వడ్డీ కడుతున్న దేశం మార్కెట్లు ఏమనుకుంటే నాకేం అనలేదు. పైగా ఆ 411 సీట్ల వెనక ఉన్న ఓట్లు 33.7 శాతమే. 2017లో ఓడిపోయినప్పుడు కార్బిన్‌కు వచ్చిన 40 శాతం కన్నా అది తక్కువ. కన్జర్వేటివ్, రిఫార్మ్ యూకే పార్టీలు కుడివైపు ఓట్లు చీల్చుకోవడంతో చాలాచోట్ల తక్కువ ఓట్లతోనే గెలుపు దక్కింది. ఎంత తేలిగ్గా వచ్చిన సీట్లు అంత తేలిగ్గా పోతాయని ఆ ఎంపీలందరికీ తెలుసు.

గెలిచిన మూడు వారాలకే, జులై 29న, పాత ప్రభుత్వం లెక్కల్లో 2,200 కోట్ల పౌండ్ల లోటు దాచిందని ఆర్థిక మంత్రి అయిన రీవ్స్ ప్రకటించింది. కన్జర్వేటివ్‌లు ఆ లెక్కను ఒప్పుకోలేదు. లోటు సంగతి ఎలా ఉన్నా, దాన్ని పూడ్చడానికి మొదట చెయ్యి పెట్టిన చోటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి పెన్షనర్లకు ఇచ్చే 200 నుంచి 300 పౌండ్ల సాయాన్ని బాగా పేదవాళ్లకే పరిమితం చేసేసరికి సుమారు కోటి మందికి అది ఆగిపోయింది. డబ్బున్న ముసలివాళ్లకు కూడా ఆ సాయం ఎందుకన్న ప్రశ్నలో న్యాయం ఉంది. కానీ గీత ఎంత కిందకు గీశారంటే ఓ చిన్న పెన్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్లు కూడా ధనవంతుల లెక్కలోకి వెళ్లిపోయారు. 2025 జూన్‌లో వెనక్కి తగ్గి, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవాళ్లందరికీ మళ్లీ ఇస్తామన్నారు. ఆదా అనుకున్న డబ్బులో చాలావరకు పోయింది, చెడ్డపేరు మాత్రం మిగిలింది. మొదటి రోజునే 35,000 గీత పెట్టి ఉంటే ఇంత గొడవ అయ్యేది కాదు.

అసలు పెంపు 2024 అక్టోబర్ 30 బడ్జెట్లో వచ్చింది. ఏడాదికి సుమారు 4,000 కోట్ల పౌండ్ల అదనపు పన్నులు. అందులో పెద్ద ముక్క యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్, మన పీఎఫ్‌లో కంపెనీ వాటా లాగా ఉద్యోగి పేరున కంపెనీ కట్టేది. దాన్ని 13.8 నుంచి 15 శాతానికి పెంచారు, అది మొదలయ్యే జీతం హద్దును ఏడాదికి 9,100 నుంచి 5,000 పౌండ్లకు దించారు. ఉద్యోగి జీతంలో కోత పడలేదు కాబట్టి మాట తప్పలేదన్నది ప్రభుత్వ వాదన. మేనిఫెస్టోలో నేషనల్ ఇన్సూరెన్స్ పెంచం అనే కదా రాశారు, యజమాని వాటా, ఉద్యోగి వాటా అని విడదీయలేదే అన్నది ఎదుటివాళ్ల వాదన. దీని భారంలో ఎక్కువ భాగం కాలక్రమంలో జీతాల మీదే పడుతుందని స్వతంత్ర బడ్జెట్ సంస్థ ఓబీఆర్ చెప్పింది. ఇంకో సంగతి, హద్దును 5,000కు దించడం వల్ల ఎక్కువ దెబ్బ తగిలేది పార్ట్‌టైమ్ వాళ్లను, తక్కువ జీతాల వాళ్లను పెట్టుకునే చోట్లకు, అంటే కేఫ్‌లు, పబ్బులు, వృద్ధాశ్రమాలు, నర్సరీలకు. శ్రామిక ప్రజల్ని కాపాడటానికి ఇచ్చిన హామీని అక్షరాలా నిలబెట్టుకోవడం కోసం వాళ్లు పనిచేసే చోట్ల మీదే బరువు పెట్టారు.

2025 నవంబర్ నాటికి ఈ వ్యవహారం ఇంకా ముదిరింది. నెల మొదట్లో ఇన్‌కం ట్యాక్స్ పెంచబోతున్నట్టు రీవ్స్ సంకేతాలిచ్చింది, పదిరోజులు తిరక్కుండా ఆ ఆలోచన మానేశారు. నవంబర్ 26 బడ్జెట్లో రేటు పెంచలేదు, స్లాబులను 2031 దాకా కదలకుండా ఆపేశారు. 12,570 పౌండ్ల దాకా పన్ను లేదు, 50,270 దాటితే 40 శాతం అన్న హద్దులు 2021 నుంచీ అక్కడే ఉన్నాయి. ధరలతోపాటు జీతం పెరుగుతుంది, హద్దు మాత్రం పెరగదు, కాబట్టి ఏటా కొన్ని లక్షల మంది కొత్తగా పన్నులోకి వస్తారు, లేదా పై స్లాబులోకి జరుగుతారు. స్లాబులు మార్చకపోతే ఏమవుతుందో మన దగ్గర నెలజీతం మీద బతికే ప్రతి ఇంటికీ తెలిసిన విషయమే. ఇలా ఆపడం శ్రామిక ప్రజలకు నష్టమని అంతకు ఏడాది ముందు బడ్జెట్ ప్రసంగంలో రీవ్సే చెప్పింది. రేటు పెంచి ఫలానా దానికి అని చెప్పడం కన్నా ఇది రాజకీయంగా సులువు, కానీ ఇందులో నిజాయతీ తక్కువ. అదే బడ్జెట్లో 20 లక్షల పౌండ్లకు పైబడిన ఇళ్లకు 2028 నుంచి ఏడాదికి 2,500 నుంచి 7,500 పౌండ్ల దాకా అదనపు పన్ను పెట్టారు. అంతకు ముందే ప్రైవేటు స్కూలు ఫీజుల మీద 20 శాతం వ్యాట్ 2025 జనవరి నుంచి మొదలైంది, విదేశీ ఆదాయం మీద పన్ను తప్పించుకునే సంపన్నుల 'నాన్‌డామ్' హోదా ఆ ఏప్రిల్‌లో రద్దయింది. సంపన్నుల మీద పన్ను అనే ఎడమవైపు ఆలోచన పూర్తిగా పోలేదు, అంచుల్లో బతికే ఉంది.

ఇప్పుడు జులై 1 సంగతి. పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్ అని వికలాంగులకు, దీర్ఘకాలిక రోగులకు ఇచ్చే భృతి ఒకటుంది. పని చేస్తున్నా చేయకపోయినా, వైకల్యం వల్ల అయ్యే అదనపు ఖర్చుకు ఇస్తారు. తీసుకునేవాళ్ల సంఖ్య, ముఖ్యంగా కోవిడ్ తర్వాత మానసిక సమస్యలతో వచ్చేవాళ్లది, వేగంగా పెరుగుతోంది. కాబట్టి సంస్కరణ అక్కర్లేదని ఎవరూ గట్టిగా అనలేదు. కానీ సంస్కరణ వేరు, బడ్జెట్ లెక్క సరిచేయడానికి ఏడాదికి సుమారు 500 కోట్ల పౌండ్లు మిగలాలని ముందు అంకె వేసుకుని, తర్వాత అర్హతలు బిగించడం వేరు. స్నానం చేయడానికి, బట్టలు వేసుకోవడానికి మనిషి సాయం కావాల్సినవాళ్లకు కూడా భృతి పోతుందని లెక్కలు బయటికొచ్చాక 120 మందికి పైగా లేబర్ ఎంపీలు బిల్లును ఆపమని సంతకాలు పెట్టారు. ఈ ఎంపీల్లో చాలామంది కార్బిన్ వర్గం కాదు, కమిటీ ఛైర్మన్లు, స్టార్మర్‌ను నమ్మి గెలిచినవాళ్లు. వాళ్లు వ్యతిరేకించింది పొదుపును కాదు, ఆ పొదుపు ఎవరి దగ్గర మొదలైందన్నదాన్ని.

ఇద్దరు పిల్లల హద్దు కథ కూడా ఇలాంటిదే. 2017 ఏప్రిల్ తర్వాత పుట్టిన మూడో బిడ్డకు, ఆ పై పిల్లలకు భృతిలో వాటా ఇవ్వకూడదని కన్జర్వేటివ్‌లు పెట్టిన నిబంధన అది. పిల్లల పేదరికానికి పెద్ద కారణాల్లో ఇదొకటని పేదరికం మీద పనిచేసే సంస్థలన్నీ చెబుతూ వచ్చాయి. 2024 జులైలో దీన్ని రద్దు చేయాలన్న సవరణకు ఓటేసినందుకు ఏడుగురు లేబర్ ఎంపీల్ని పార్టీ ఆరు నెలలు సస్పెండ్ చేసింది. డబ్బుల్లేవు అన్నదే కారణం. 2025 నవంబర్ బడ్జెట్లో అదే ప్రభుత్వం 2026 ఏప్రిల్ నుంచి ఆ హద్దు ఎత్తేస్తున్నట్టు ప్రకటించి, సుమారు నాలుగున్నర లక్షల మంది పిల్లలు పేదరికం నుంచి బయటపడతారని గర్వంగా చెప్పుకుంది. అయ్యే ఖర్చు ఏడాదికి సుమారు 300 కోట్ల పౌండ్లు. అది లేబర్ చేసిన మంచి పనుల్లో నిస్సందేహంగా ఒకటి. పదహారు నెలలు ఆలస్యంగా, అడిగినవాళ్లను శిక్షించాక చేసింది.

అయితే ఖజానాకు పెద్దగా ఖర్చులేని చోట లేబర్ నిజంగానే ఎడమవైపు నడిచింది. ఈ తేడాను గమనించకపోతే ఆ పార్టీని అర్థం చేసుకోలేం. కార్మిక హక్కుల చట్టం దీనికి మంచి ఉదాహరణ. 2025 డిసెంబర్‌లో ఆమోదం పొందిన ఈ చట్టంతో గంటల హామీ లేని జీరో అవర్స్ ఒప్పందాల మీద పనిచేసేవాళ్లకు క్రమంగా చేస్తున్న గంటలకు హామీ పొందే హక్కు వస్తుంది, జబ్బు చేస్తే మొదటి రోజు నుంచే సిక్ పే వస్తుంది, ఉద్యోగం తీసేసి తక్కువ జీతానికి మళ్లీ పెట్టుకునే పద్ధతికి గట్టి పగ్గం పడుతుంది, యూనియన్ల మీద కన్జర్వేటివ్‌లు పెట్టిన ఆంక్షల్లో చాలావరకు పోతాయి. మేనిఫెస్టోలో అన్యాయంగా ఉద్యోగం నుంచి తీసేయకుండా మొదటి రోజు నుంచే రక్షణ అన్నారు. వ్యాపార సంఘాల ఒత్తిడితో, పార్లమెంటు ఎగువసభ లార్డ్స్‌లో చిక్కుపడటంతో దాన్ని ఆరు నెలలకు మార్చారు. అంతకు ముందు రెండేళ్లు ఆగాల్సి వచ్చేది కాబట్టి ఆరు నెలలన్నా అది పెద్ద మార్పే. ఎన్నికలకు ముందు ఈ హామీలు నీరుగారుతున్నాయని మేనిఫెస్టోకు మద్దతివ్వని యునైట్ యూనియన్ మాత్రం ఇది కూడా చాలదనే అంది. కనీస వేతనం 2026 ఏప్రిల్ నుంచి గంటకు 12.71 పౌండ్లు. 1999లో బ్లేర్ ప్రభుత్వం మొదటిసారి పెట్టినప్పుడు అది 3.60.

అద్దె ఇళ్ల చట్టం కూడా అదే దారి. ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా రెండు నెలల నోటీసుతో ఇల్లు ఖాళీ చేయించే సెక్షన్ 21ను 2026 మే 1 నుంచి రద్దు చేస్తూ 2025 అక్టోబర్‌లో చట్టం వచ్చింది. రద్దు చేస్తామని 2019లో కన్జర్వేటివ్‌లే చెప్పారు, ఐదేళ్లు గడిచినా చేయలేకపోయారు. లండన్‌లో, లెస్టర్‌లో అద్దెకు ఉండే ఏ కుటుంబానికైనా, తెలుగువాళ్లతో సహా, ఇది చిన్న విషయం కాదు. యజమాని ఇక ఇల్లు అమ్ముతున్నాననో, తనవాళ్లే దిగుతున్నారనో, అద్దె కట్టడం లేదనో చట్టం ఒప్పుకునే కారణం చూపించాలి. ఐదేళ్లలో 15 లక్షల కొత్త ఇళ్లు అన్న హామీ ఎంతవరకు నిలబడుతుందో చెప్పడం కష్టం. కట్టేది ఎక్కువగా ప్రైవేటు బిల్డర్లు, ధరలు తగ్గేంత వేగంగా కట్టాలన్న తొందర వాళ్లకు ఉండదు.

రైళ్ల జాతీయీకరణ చూడండి. పాత నాలుగో క్లాజును తలుచుకునేవాళ్లకు సంబరంగా ఉంటుంది గానీ, అది జరిగిన తీరులోనే ఇప్పటి లేబర్ అంతా ఉంది. ప్రైవేటు కంపెనీల దగ్గర్నుంచి బలవంతంగా తీసుకోలేదు, ఒప్పందం గడువు ముగిసినప్పుడల్లా ఒక్కో మార్గాన్ని వెనక్కి తీసుకుంటున్నారు, కాబట్టి పరిహారం బాధ లేదు. 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వేతో ఇది మొదలైంది. బోగీలు, ఇంజన్లు మాత్రం ఇప్పటికీ వాటిని అద్దెకిచ్చే ప్రైవేటు కంపెనీలవే, వాటిని కొనాలంటే వేల కోట్లు కావాలి. గ్రేట్ బ్రిటిష్ ఎనర్జీ అని 830 కోట్ల పౌండ్ల పెట్టుబడితో అబర్డీన్‌లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ కూడా అలాంటిదే. అది ఇళ్లకు కరెంటు అమ్మదు, పవన విద్యుత్తు లాంటి ప్రాజెక్టుల్లో ప్రైవేటు వాళ్లతో కలిసి పెట్టుబడి పెడుతుంది. నీటి కంపెనీలు అప్పుల్లో మునిగి నదుల్లోకి మురుగు వదులుతుంటే జనం మండిపడ్డారు. అయినా వాటిని జాతీయం చేస్తామని లేబర్ అనలేదు, ఎందుకంటే అక్కడ గడువు తీరే ఒప్పందాలు లేవు, కొనాల్సిన ఆస్తులే ఉన్నాయి.

ఎన్‌హెచ్‌ఎస్ విషయంలో మిగతా శాఖలకు లేనంత డబ్బు ఇచ్చారు, అదనపు అపాయింట్‌మెంట్ల హామీ నెరవేర్చారు, వెయిటింగ్ లిస్టులు తగ్గించడానికి ప్రైవేటు ఆసుపత్రుల్ని కూడా వాడుకున్నారు. విదేశీ వ్యవహారాల్లో సైనిక ఖర్చును 2027కల్లా జీడీపీలో 2.5 శాతం చేయడానికి పేద దేశాలకిచ్చే సాయాన్ని 0.5 నుంచి 0.3 శాతానికి కోశారు. ఆ శాఖ మంత్రి అనలీస్ డాడ్స్ రాజీనామా చేసింది. 1951లో బెవన్ రాజీనామాకు, దీనికి మధ్య డెబ్బై నాలుగేళ్లు. ఆయుధాలకు డబ్బు కావాల్సి వచ్చినప్పుడు దేనిలో కోయాలన్నదే అప్పుడూ ఇప్పుడూ గొడవ.

తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరగా తగిలేది వలస విధానం. 2025 మే 12న వచ్చిన శ్వేతపత్రంతో స్కిల్డ్ వర్కర్ వీసా డిగ్రీ స్థాయి ఉద్యోగాలకే పరిమితమైంది, సాధారణ జీతం హద్దు 38,700 నుంచి 41,700 పౌండ్లకు పెరిగింది, వృద్ధుల్ని, వికలాంగుల్ని చూసుకునే కేర్ వర్కర్లను విదేశాల నుంచి తెచ్చుకునే దారి జులై 22న మూసేశారు. మాస్టర్స్ అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా, మనవాళ్లు ఇంకా పీఎస్‌డబ్ల్యూ అనే పిలిచేది, 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు పద్దెనిమిది నెలలే. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో లోన్ తీసుకుని ఏడాది కోర్సుకు వెళ్లే విద్యార్థికి స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపెనీ దొరకడానికి ఆ ఆరు నెలలు ఎంత ముఖ్యమో వెళ్లినవాళ్లకు తెలుసు. మరీ అన్నీ లేబర్ ఖాతాలో వేయడం కూడా న్యాయం కాదు. విద్యార్థులు భార్యాభర్తల్ని, పిల్లల్ని తీసుకెళ్లకుండా 2024 జనవరిలో, కేర్ వర్కర్లు తీసుకెళ్లకుండా ఆ మార్చిలో ఆపింది కన్జర్వేటివ్‌లు. లేబర్ వాటిని తీసేయలేదు, వాటి మీదే ఇంకో అంతస్తు కట్టింది.

ఆ పత్రాన్ని విడుదల చేస్తూ స్టార్మర్ దేశం అపరిచితుల దీవిగా మారే ప్రమాదం ఉందన్నాడు. తర్వాత జూన్‌లో ఆ మాట అన్నందుకు చింతిస్తున్నానన్నాడు. మాట వెనక్కి తీసుకున్నాడు గానీ విధానం వెనక్కి పోలేదు. దీన్ని రిఫార్మ్ యూకేకు భయపడి చేసిన పని అని మాత్రమే చూడటం సరిపోదు, లేబర్‌లో ఈ ధోరణి పాతదే. కెన్యా నుంచి తరిమేసిన పరిస్థితుల్లో బ్రిటిష్ పాస్‌పోర్టులతో వస్తున్న భారతీయ సంతతి వాళ్లను ఆపడానికి 1968లో హెరాల్డ్ విల్సన్ లేబర్ ప్రభుత్వం మూడు రోజుల్లో చట్టం చేసింది. జాతి వివక్షను నేరుగా నిషేధించిన 1965, 1968, 1976 చట్టాలు తెచ్చింది కూడా లేబరే. వచ్చినవాళ్లకు హక్కులు, రావాలనుకునేవాళ్లకు కట్టడి అన్నది ఆ పార్టీ దశాబ్దాలుగా పట్టుకున్న దారి. 2025లో మారింది ఏమిటంటే, వచ్చి ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్ల హక్కుల మీద కూడా చెయ్యి పడింది.

అదే ఐఎల్‌ఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, విషయం. శాశ్వత నివాసానికి ఐదేళ్ల బదులు పదేళ్లు మామూలు గడువు చేయాలని, డిగ్రీ స్థాయి లేని ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు, అంటే కేర్ వర్కర్లలో ఎక్కువమందికి, పదిహేనేళ్లు చేయాలని 2025 నవంబర్‌లో హోంమంత్రి షబానా మహమూద్ ప్రతిపాదించింది. ఏడాదికి 1,25,140 పౌండ్లు దాటి సంపాదించేవాళ్లకు మూడేళ్లే. ఇప్పటికే అక్కడ ఉండి ఇంకా ఐఎల్‌ఆర్ రానివాళ్లకు కూడా దీన్ని వర్తింపజేయాలన్నది ప్రతిపాదన. ఐదేళ్లని నమ్మి వెళ్లి నాలుగేళ్లు పూర్తిచేసినవాళ్లకు మధ్యలో లెక్క మార్చడం న్యాయం అనిపించుకోదు. అందులోనూ, శ్రమకు విలువ జీతం అంకె కన్నా ఎక్కువ అన్న నమ్మకం మీద పుట్టిన పార్టీ, ముసలివాళ్లకు స్నానం చేయించి మందులిచ్చే మనిషికి పదిహేనేళ్లు, బ్యాంకు ఉన్నతోద్యోగికి మూడేళ్లు అని జీతాన్ని బట్టి గీత గీయడం ఆ పార్టీ ఓటర్లలో చాలామందికే మింగుడుపడటం లేదు.

ఇదే ప్రభుత్వం 2025 జులై 24న భారత్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేసింది. ఇందులో మన రొయ్యల మీద సుంకం తీసేయడం ఆంధ్ర తీరంలోని చెరువులకు సంబంధించిన విషయం. కంపెనీ తరఫున తాత్కాలికంగా ఆన్‌సైట్ వెళ్లే ఉద్యోగులు మూడేళ్ల దాకా సామాజిక భద్రత చందా రెండు దేశాల్లోనూ కాకుండా సొంత దేశంలోనే కడితే చాలని కుదిరిన ఒప్పందం హైదరాబాద్ ఐటీ కంపెనీలకు పెద్ద ఊరట. మా కార్మికుల మీద యజమాని నేషనల్ ఇన్సూరెన్స్ పెంచి, భారతీయుల మీద తీసేస్తారా అని కన్జర్వేటివ్‌లు, రిఫార్మ్ విరుచుకుపడ్డారు. ఇలాంటి ఒప్పందాలు బ్రిటన్‌కు అమెరికాతో, యూరప్‌తో ఎప్పట్నుంచో ఉన్నాయని ప్రభుత్వం సరైన జవాబే ఇచ్చింది.

కేర్ వర్కర్ల వీసా మూసేసినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఒకటి గట్టిదే. ఏజెంట్లకు లక్షలు పోసి స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ కొనుక్కుని వెళ్లాక అక్కడ చెప్పిన పని లేక, లేదా తక్కువ జీతానికి ఎక్కువ గంటలు చేస్తూ ఇరుక్కుపోయినవాళ్ల కథలు కేరళలో, తెలుగు ఊళ్లలో, ఆఫ్రికా దేశాల్లో చాలా ఉన్నాయి. విదేశీ కార్మికుల చవక శ్రమ మీద నడవడం మాని స్థానికులకు మంచి జీతమిచ్చి పెట్టుకోవాలన్న మాట వినడానికి న్యాయంగా ఉంది, నిజంగా ఎడమవైపు మాట కూడా. ఆ జీతం ఎవరివ్వాలి? ఇంగ్లండ్‌లో వృద్ధుల సంరక్షణకు డబ్బు ప్రధానంగా స్థానిక కౌన్సిళ్ల నుంచి వస్తుంది, వాటిలో కొన్ని ఇప్పటికే దివాళా ప్రకటించాయి. సంరక్షణ రంగంలో వేతనాలు యూనియన్లు, యజమానులు కూర్చుని తేల్చుకునేలా ఫెయిర్ పే అగ్రిమెంట్ అని ఒకటి 2028లో తెస్తామని, దానికి 50 కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ రంగంలో పనిచేసేవాళ్లు 15 లక్షలకు పైనే ఉన్నారు. లెక్క వేస్తే తలకు సుమారు 300 పౌండ్లు. వీసా దారి మాత్రం అంతకు మూడేళ్ల ముందే మూతపడింది.